సాక్షి గిన్నె

మర్రిపాలెంలో ఒక అపార్టుమెంటు డాబా మీద, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని డాక్టర్ వకుళ తల వంచింది. అప్పలకొండ కత్తి తెరిచాడు గాని తలమీద ఆనించలేదు. సింహాచలం కొండమీద ఏళ్ల తరబడి భక్తుల తలనీలాలు తీస్తున్న మనిషి అతను. ఆ రోజు అతనికి సెలవు. ఊళ్లో సెలూన్లవాళ్లు ఆడమనిషికి గుండు చేయడమంటే మొహమాటపడ్డారు. గాటు పడకుండా, ఒక్క వెంట్రుక మిగలకుండా చేయగలవాళ్లు కొండమీదే దొరుకుతారని వకుళ అతన్ని పిలిపించింది.

“మూడు కత్తెర్లిచ్చేద్దాం తల్లీ,” అన్నాడు అప్పలకొండ. “ఆడకూతుళ్లకి అది సాల్తాది. సామి కూడా ఏటీ అనడు.”

“స్వామి కోసం కాదు. మొత్తం తీసేయ్.”

అప్పలకొండ గొంతు తగ్గించి అడిగాడు. “అయ్యగోరు బాగున్నారు గదా?”

“ఉన్నారు. ఆయన్ని చూడటానికి వెళ్లాలనే ఇదంతా.”

“మొక్కు లేదంతారు. అయ్యగోరు బాగున్నారంతారు. మరి గుండేటమ్మా?”

“జుట్టులో దుమ్ముంది. కంటికి కనిపించదు. తలంటుకుంటే పోదు.”

“పేలకి మందుందమ్మా,” అన్నాడతను ఎంతో మర్యాదగా.

చాలా రోజుల తరవాత వకుళకు నవ్వు వచ్చింది.

“సరే, ఎవరి పేరైనా తలుసుకోండి,” అన్నాడు అప్పలకొండ. “అలవాటు పడిపోనాను. పేరు లేకుండా నాకు కత్తి ఆడదు.”

“మార్తాండం,” అంది వకుళ.

“సూర్నారాయణమూర్తి! అరసవిల్లి సామి. అలా సెప్పండి మరి!” అని తృప్తిగా కత్తి ఆనించాడు. అది తన భర్త పేరని వకుళ అతనికి చెప్పలేదు.

నెరిసిన జుట్టు పాయలు పాయలుగా కింద పరిచిన ప్లాస్టిక్ గుడ్డమీద పడింది. గాలికి ఒక్క వెంట్రుక కూడా లేవకుండా వకుళ ఆ గుడ్డను మడిచి, సంచిలో పెట్టి, మూతి కరిగించి అతికించింది. మర్నాడు దాన్ని ప్రయోగశాల కొలిమిలో వేయాలి.

*

ఆమె దుమ్ము అన్నది నిజానికి దుమ్ము కాదు. అది ఆమె జీవితంలోకెల్లా పెద్ద విజయం.

మార్తాండరావు హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పేవాడు. సెలవుల్లో హేతువాద సంఘం వాళ్లతో ఊళ్లు తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించుకునీ నిప్పుల మీద నడిచీ, ఇందులో మహిమ ఏమీ లేదని జనానికి చూపించేవాడు. నిప్పులు నిజంగానే తెలియడం లేదని అతనికి ఒక ఏడు అనుమానం వచ్చింది. నరాల జబ్బు అన్నారు డాక్టర్లు. వంశంలో ఉన్నదే. ముందు కాలివేళ్ల, చేతివేళ్ల స్పర్శ పోతుంది. మెల్లగా పైకి పాకి, చివరకు ఊపిరి దాకా వస్తుంది. దాన్ని ఆపగలిగే మందు ఒక్కటే ఉండేది. దాని స్ఫటికాలు సన్నని పసుపుపచ్చ సూదుల్లా ఉండేవి కనుక రోగులంతా దాన్ని పసుపు బిళ్ల అనేవారు. పన్నెండేళ్లపాటు ఆ బిళ్ల జబ్బును ఉన్నచోట ఉంచింది.

దానికున్న లోపం ఒక్కటే. ఎండ తగిలితే మెత్తబడిపోతుంది.

“చూడు దీని అవతారం,” అంటూ ఒక వేసవిలో మార్తాండం చొక్కా జేబులోంచి పసుపు ముద్ద తీసి బల్లమీద పెట్టాడు. “నీ ఉద్యోగం పేరేమో స్ఫటికాల ఇంజనీరింగు. మొగుడి జేబులో కరగని బిళ్ల ఒకటి చెయ్యలేవా?”

వకుళ చేసింది. ఇటుకలు అవే అయినా పేర్చే తీరు మారితే గోడ బలం మారుతుంది. మందు అణువుల్లో ఒక్క పరమాణువును కూడా మార్చకుండా, అవి ఒకదాని పక్కన ఒకటి ఒదిగే పద్ధతిని మాత్రం మార్చాలని ఆమె నాలుగేళ్లు శ్రమపడింది. అడుగున రంగులేని పలకలు పేరుకున్న గాజుగిన్నె ఒకటి చివరికి ఆమె బల్లమీదకు వచ్చింది. అభ్రకం రేకుల్లా మెరిసే చిన్న చిన్న పలకలు. వేసవి ఎండకే కాదు, మరిగే నీటి వేడికి కూడా చెక్కుచెదరలేదు. ప్రయోగశాలలో అందరూ కోవా తిన్నారు.

ఆ వారంలోనే, పక్క బల్లమీద ఉన్న పాత సూదుల గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టిన వకుళకు ఒక వింత కనిపించింది. సూదులు ఒక చివరి నుంచి పాలిపోతున్నాయి. పసుపు రంగు వెనక్కి జరుగుతుంటే దాని వెంబడి తెలుపు నడుస్తోంది. సాయంత్రానికి గిన్నెలో సూది అన్నది లేదు. అన్నీ పలకలే.

మళ్లీ సూదులు చేయబోయారు. పలకలే వచ్చాయి. నీళ్లు మార్చారు, గాజు మార్చారు, గది మార్చారు. పలకలే వచ్చాయి. పాలల్లో చుక్క పెరుగు పడితే చాలు, ఆ పాలు ఇక పాలుగా ఉండవు. ఇక్కడ చుక్క కూడా అక్కర్లేదు. గాలిలో తేలే ఒక్క రేణువు, ఎవరి చొక్కా మడతలోనో కూర్చుని వెళ్లిన ఒక్క పలక చాలు. దాన్ని చూసిన అణువులన్నీ దానిలాగే ఒదిగిపోయేవి, అలా ఒదగడమే వాటికి సుఖం కనుక. మందు కంపెనీల తొట్లలో ముందు, దుకాణాల్లోని సీసాల్లో ఆ తరవాత, పసుపు బిళ్లలు తెల్లబడిపోయాయి.

పలక ఎంత గట్టిదంటే కడుపులో కూడా కరగదు. మింగింది మింగినట్టే బయటకు వచ్చేది. వేడి నూనెలో కరిగించబోతే అణువే విరిగిపోయింది. నీళ్ల మందుగా ఇద్దామంటే పూట తిరగకుండా పాడయ్యేది.

పాతకాలపు రసాయన శాస్త్రజ్ఞుల గడ్డాల్లో స్ఫటికాలు దాక్కుని ఊళ్లు తిరిగేవని వకుళ తన విద్యార్థులకు నవ్వుతూ చెబుతుండేది. ఇప్పుడు ఆ కథను నవ్వకుండా నమ్మవలసి వచ్చింది.

దేశంలో సూదులు ఇంకా పుడుతున్న చోటు ఒక్కటే మిగిలింది. అరకు దాటాక కొండల్లో మేడిగుట్ట అనే చోట మూతపడిన పాత మందుల కర్మాగారం ఉంది. మందుకు పలకల రూపం, అంటే రెండో రూపం, పుట్టకముందే దాని తలుపులు వేశారు కనుక పలక అక్కడికి చేరలేదు. దాన్నే తెరిచి, శుభ్రం చేసి, చుట్టూ రోగులకు ఇళ్లు కట్టారు. మందును బయటకు పంపితే తెల్లబడిపోతుంది కాబట్టి రోగులే మందు దగ్గరకు వెళ్లారు. మూడువందల మంది. వాళ్లలో మార్తాండం ఒకడు. మందు దొరకక గడిపిన ఏడాదిలో జబ్బు అతని వేళ్లలోకి వచ్చేసింది. ఇప్పుడు మందు దాని నడకను నెమ్మది చేయగలుగుతోంది గాని, పూర్తిగా ఆపలేకపోతోంది.

మేడిగుట్టకు ఎవరు వచ్చినా గేటు దగ్గర పరీక్ష ఉంటుంది. రెండో రూపాన్ని పుట్టించిన చేతులకు అది మరీ కఠినమైన పరీక్ష. వకుళ అప్పటికి రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ గేటు నుంచే వెనక్కి వచ్చింది.

*

గుండు చేయించుకున్న రోజే మార్తాండం చెల్లెలు శాంత వచ్చింది. తలుపు తీసిన వదినను చూసి చేతిలోని అరటిపళ్ల సంచి అక్కడే వదిలేసింది.

“వదినా! మొక్కుకున్నావా?”

“లేదు శాంతా. స్ఫటికాల కోసం.”

“స్ఫటిక లింగానికా?”

“లింగం లేదు, ఏమీ లేదు. వెంట్రుకల్లో స్ఫటికాలు చిక్కుకుని ఉంటాయి, అవి పోవాలని...”

“సరేలే, నీ భాషలో నువ్వు చెప్పుకో,” అంటూ శాంత కళ్లు తుడుచుకుంది. “నలభై ఏళ్లు మా అన్నయ్య సభలు పెట్టి దేవుణ్ని తిట్టాడు. అయినా ఆయనేం మనసులో పెట్టుకోడు. ఈసారి పని అవుతుంది చూడు.”

వకుళ ఆమెతో వాదించలేదు. వదిన గుండుమీద చెయ్యి వేసి నిమురుతున్న ఆ ఆడపడుచు చేతిలో వాదనకు అందని ఆపేక్ష ఏదో ఉంది.

మూడు గంటలకు ఫోను మోగింది. రోజూ ఆ వేళకే మోగుతుంది.

“గుండు చూపించు,” అన్నాడు మార్తాండం తెరమీద కనిపిస్తూనే. చూసి, పడీపడీ నవ్వాడు. “హేతువాద సంఘం అధ్యక్షుడి భార్యకు గుండు! నన్ను సంఘంలోంచి తీసేస్తారు.”

“అధ్యక్షుడివి నువ్వేగా. తీర్మానం నువ్వే పెట్టుకో.”

“మంగలి మూడు కత్తెర్లు చాలనలేదా?”

“అన్నాడు.”

“చూశావా మరి! దేవుడైతే మూడు కత్తెర్లకు ఒప్పుకునేవాడు. నీ స్ఫటికం ఒప్పుకోలేదు.”

వాళ్లిద్దరూ ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటారు. పెళ్లిలో మంత్రాలు లేవు. మునిసిపల్ హాల్లో దండలు మార్చుకున్నారు. నువ్వు అనుకుంటామని అందరిముందూ ప్రమాణం చేశారు. మంత్రాలు లేకపోవడం కన్నా ఆ నువ్వు అన్న మాటకే బంధువులు ఎక్కువ నొచ్చుకున్నారు. తాళికి బదులు ఒకరి మణికట్టుకు ఒకరు వాచీ కట్టుకున్నారు. కీ ఇచ్చే వాచీలు, రెండూ ఒకే రకం. మూడు గంటలకు పెళ్లయింది కనుక రోజూ మూడు గంటలకు, ఎవరు ఎక్కడున్నా, ఇద్దరూ కీ ఇచ్చుకునేవారు.

ఇప్పుడూ ఇచ్చుకున్నారు. మార్తాండం ఆ చిన్న మరను వేళ్లతో పట్టుకోలేక పళ్ల మధ్య పెట్టుకుని తిప్పాడు.

“ఎంతదాకా వచ్చింది?” అని అడిగింది వకుళ.

“రెండో కణుపు దాటింది. నిన్న వేడి గ్లాసు పట్టుకుని చూశాను. వేళ్లకు తెలియలేదు, అరచేతికి తెలిసింది.” తరగతిలో ప్రయోగ ఫలితం చెప్పినట్టే చెప్పాడు. “మనిషిని మాత్రం ఈ ఫోనులో అరచేతికి చూపించలేకపోతున్నాను. అదొక్కటే లోటు.”

“అరచెయ్యి ఉండగానే వస్తాను.”

“తొందరేముంది? ఎక్కడికీ పోదులే.”

అది పోతుందని ఇద్దరికీ తెలుసు.

*

మేడిగుట్ట గేటు దగ్గర పరీక్షలు చేసేది పాంగి రత్నాలు. ఆ లోయలోనే పుట్టి, విశాఖలో రసాయనశాస్త్రం చదివి, తిరిగి లోయకే వచ్చిన ముప్పై ఏళ్ల మనిషి. వకుళను చూడగానే ఆమె కళ్లు తలమీదకు వెళ్లాయి.

“అయ్యో మేడమ్, ఎంత పని చేశారండీ!”

“ఎలా ఉంది?”

“మా మేనత్తలా ఉన్నారు,” అని నవ్వేసింది రత్నాలు. “రండి, మొదలుపెడదాం.”

చెప్పులు, చీర, కళ్లజోడు బయటే ఉండిపోయాయి. రెండుసార్లు స్నానం అయింది. గోళ్లు చిగురుదాకా కత్తిరించారు. మరిగించి ఆరవేసిన పొడుగు చేతుల నూలు గౌను ఇచ్చారు. వకుళ తన వాచీని స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టుకుంది. రత్నాలు చూసింది, వద్దనలేదు. మంగళసూత్రం తీయమంటే గేటు దగ్గర ఏడ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాటిని మరిగే నీళ్లలో ముంచి తిరిగి ఇచ్చేది. వాచీని నీళ్లలో ముంచలేరు కనుక తుడిస్తే చాలన్నది నియమం.

ఆ తరవాత సాక్షి గిన్నె. మూసిన చిన్న గదిలో బల్లమీద మూతలేని గాజుగిన్నె, అందులో మందు కరిగించిన చిక్కని ద్రావణం. దాని పక్కన మనిషి కూర్చోవాలి. ఊపిరి తీయాలి, కదలాలి, దులుపుకోవాలి. గిన్నెలో సూదులు పుడితే లోపలి తలుపు తెరుస్తారు. పలకలు పుడితే బయటి తలుపు తెరుస్తారు. పుట్టిన పలకలతో సహా గదినంతా మంటతో శుద్ధి చేస్తారు. మూడు నెలల దాకా ఆ మనిషి మళ్లీ రాకూడదు. ఒక్కో గిన్నెకు ఒక రోగి ఒక రోజు మందు ఖర్చవుతుంది. అందుకే మనిషికి ఒక్క గిన్నె మాత్రమే ఇస్తారు.

గదికి లోపలి వైపున గాజు గోడ. దానికి అవతల కుర్చీలో మార్తాండం కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చేతికర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. మధ్యలో మాటలకు చిన్న స్పీకరు.

“దగ్గరగా చూస్తే ఇంకా బాగుంది,” అన్నాడు గుండును చూసి.

“నోరు మూసుకో. గిన్నెను చూడనీ.”

ఇద్దరూ గిన్నెను చూశారు. ముప్పై ఏళ్లు స్ఫటికాలు పుడుతుంటే చూసిన మనిషి ఆమె. అయినా ఆ పూట, పరీక్ష ఫలితాల కాగితం అతికించే గోడముందు నిలబడ్డ పిల్లలా కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు ద్రావణంలో ఏదో మెరిసింది. సన్నగా, పొడుగ్గా, పసుపుపచ్చగా. దాని పక్కనే మరొకటి. చూస్తుండగానే గిన్నె అడుగున గడ్డి మొలిచినట్టు సూదులు లేచాయి.

“సూదులే!” రత్నాలు స్పీకర్లో అరిచింది. “మేడమ్, సూదులేనండీ! తలుపు తీసేస్తాను.”

మార్తాండం కుర్చీలోంచి లేచి, గాజుమీద అరచెయ్యి ఆనించాడు. వకుళ కూడా లేచింది. చెయ్యి ఎత్తింది. సగంలో ఆగిపోయింది.

“ఆగు రత్నాలూ,” అంది.

“ఏటండీ?”

“ఒక్క గిన్నె ఏం చెబుతుంది? ఈ పూట నా ఒంటిమీంచి రేణువు రాలలేదని చెబుతుంది. నా ఒంటిమీద రేణువు లేదని చెప్పదు.” “ఒకేసారి వచ్చిన ఫలితాన్ని మా ప్రయోగశాలలో ఫలితం అనం. ఇంకో గిన్నె పెట్టు.”

“మేడమ్, నియమం ప్రకారం ఒక్కటేనండీ. మీరు పాసయ్యారు. రండి లోపలికి!”

“లోపల మూడువందల మంది ఉన్నారు.”

“రెండో గిన్నెకు మందెక్కడిదండీ? ఎవరి వాటా తియ్యను?”

గాజుకు అవతలి నుంచి మార్తాండం గొంతు వినిపించింది. “రేపటి నా బిళ్ల తియ్యి.”

“మాస్టారూ, మీరైనా చెప్పండి ఆవిడకి!”

“నేను చెప్పేదేముందమ్మా. నిప్పుల మీద ఒక్కసారి నడిచి చూపిస్తే నమ్మొద్దని ఊరూరా చెప్పినవాణ్ని.” అతను గాజు మీంచి చెయ్యి తీసి నెమ్మదిగా కూర్చున్నాడు. “ఈవిడ రెండోది అడుగుతుందని నాకు పొద్దున్నే తెలుసు. అడగకపోతే బాగుండునని మాత్రం అనుకున్నాను.”

రెండో గిన్నె పెట్టారు.

మధ్యాహ్నమంతా వాళ్లు కబుర్లు చెప్పుకున్నారు. శాంత స్ఫటిక లింగం మాట చెబితే మార్తాండం కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వాడు. మేడిగుట్టలో పిల్లలకు తాను పాఠాలు చెబుతున్నాననీ, వేళ్లతో సుద్దముక్క నిలవక గుప్పిట్లో పట్టుకుని రాస్తున్నాననీ చెప్పాడు. మాటల మధ్యలో అలవాటుగా గోడ గడియారం వైపు చూసి మణికట్టును నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. అతన్ని చూసి వకుళ కూడా చేయి గౌనులోంచి బయటకు లాగి, గిన్నె వైపు వంగి కూర్చున్నదల్లా అలాగే, వాచీ మరను పైకి లాగి తిప్పింది. పళ్ల మధ్య మర జారిపోతుంటే అతను మళ్లీ మళ్లీ పట్టుకోవడం చూస్తూ ఆమె తన వాచీకి చివరిదాకా కీ ఇచ్చింది.

ఎండ వాలే వేళకు గిన్నె అంచున ఒకచోట, అభ్రకం తునకలా, రంగులేని పలక ఒకటి తళుక్కుమంది.

రత్నాలు చాలాసేపు ఏ తలుపూ తీయలేదు. చివరికి బయటి తలుపు తెరుచుకుంది.

“వకుళా,” అన్నాడు మార్తాండం. “మూడు నెలలేగా.”

ఆమె తల ఊపింది. వెళ్లేముందు, అతను అంతకుముందు అరచెయ్యి ఆనించిన చోట గాజుమీద తన చెయ్యి ఆనించింది. గాజు చల్లగా ఉంది.

*

తిరుగు రైల్లో సొరంగాలు వచ్చి వెళుతుంటే వకుళ ఒకే ప్రశ్న వేసుకుంటూ కూర్చుంది. మొదటి గిన్నెకూ రెండో గిన్నెకూ మధ్య ఏమి మారింది? గది అదే, గౌను అదే, మనిషి అదే. ఏడుపు వచ్చింది గాని ప్రశ్న దారి తప్పలేదు. ఒక సొరంగం చీకట్లో, చెవికి దగ్గరగా, మణికట్టు మీద టిక్కుటిక్కుమన్న చప్పుడు వినిపించింది.

మర్నాడు ప్రయోగశాలలో ఆమె వాచీ వెనక మూత విప్పి మైక్రోస్కోపు కింద పెట్టింది. చక్రాల మధ్య, పళ్ల సందుల్లో, మర కాడ పొడుగునా పలకలు మెరుస్తున్నాయి. రెండో రూపం పుట్టిన రోజు కూడా ఆ వాచీ ఈ చేతికే ఉంది. మర పైకి లాగినప్పుడల్లా అది చిటికెడు గాలిని బయటకు వదులుతుంది.

ఆమె చీరలు తగలబెట్టింది, కళ్లజోడు మార్చింది, తల గొరిగించుకుంది. ఇంట్లో ప్రతి వస్తువునూ అనుమానించింది. దీన్ని మాత్రం అనుమానించలేదు. తాళి తెంచలేమన్న ఆడవాళ్లను చూసి వాళ్లిద్దరూ ఎన్నో సభల్లో జాలిపడ్డారు. తాము మాత్రం మూఢనమ్మకాలు లేని ఇంట్లో రోజూ మూడు గంటలకు, వేళ తప్పకుండా, ఈ పూజ చేస్తూ వచ్చారు.

మరో ఆలోచన రాగానే వకుళ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. మొదటి గిన్నెతో తృప్తిపడి లోపలికి వెళ్లి ఉంటే, మూడు గంటలకు తాను అతని మంచంమీద కూర్చుని ఉండేది. అతని పళ్ల మధ్య నుంచి వాచీ తీసుకుని తనే కీ ఇచ్చేది. తరవాత తనదానికీ. కిటికీలోంచి మందు గదులు కనిపిస్తూ ఉండేవి.

ఆమె వాచీని గాజుగొట్టంలో వేసి, మూతి మంటలో కరిగించి మూసేసింది. ముందురోజు ఇచ్చిన కీ ఇంకా మిగిలే ఉంది. గాజులోపల అది సన్నగా కొట్టుకుంటూనే ఉంది. సాయంత్రానికి ఆగిపోయింది.

ఫోనులో ఈ సంగతి చెబితే మార్తాండం తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

“ఎన్ని ఊళ్లలో తాయెత్తులు విప్పించాను వకుళా!” అన్నాడు. “విప్పినవాళ్ల మొహాలు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. కొంచెం నెమ్మదిగా అడిగి ఉండవలసింది.”

“నీది ఉంచుకో. అది శుభ్రమే.”

“ఉంచుకుంటాను. కీ మాత్రం రత్నాలు ఇస్తోంది. పళ్లతో కుదరడం లేదు.”

ఆ మూడు నెలల్లో మూడు గంటల ఫోను ఒక్కరోజూ ఆగలేదు. అరచెయ్యి గురించి ఆమె అడగడం మానేసింది. అతను చెప్పడమూ మానేశాడు.

*

ఈసారి బయలుదేరే ముందురోజు అప్పలకొండ డాబా మీదకు వచ్చినప్పుడు మూడు కత్తెర్ల మాట ఎత్తలేదు.

“అరసవిల్లి సామే గదమ్మా?” అన్నాడు.

“ఆయనే.”

“పలికేడా?”

“ఇంకా లేదు. గాజు అవతల ఉన్నాడు.”

ఆ మాట అతనికి అర్థం కాలేదు. కత్తి మాత్రం మునుపటికన్నా నెమ్మదిగా ఆడించాడు.

మేడిగుట్టలో రత్నాలు ఏమీ అడక్కుండానే రెండు గిన్నెలు సిద్ధం చేసి ఉంచింది. రెండోది మళ్లీ మార్తాండం వాటాలోదే. మొదటి గిన్నెలో సూదులు లేచాయి. రత్నాలు తలుపు జోలికి పోలేదు. రెండో గిన్నె పెట్టారు. గాజు అవతల మార్తాండం కుర్చీలో జారగిలబడి ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్లో, ఎవరో అక్కడ పెట్టి మరచిపోయిన వస్తువుల్లా ఉన్నాయి. గోడ గడియారంలో మూడు అయింది. వకుళ ఖాళీ మణికట్టును రెండో చేత్తో పట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఎండ వాలింది. గిన్నెలో పసుపుపచ్చ గీత ఒకటి మెరిసింది. దాని పక్కన మరొకటి.

వకుళ వంగి గిన్నె అంతటా వెతికింది. గాజు అవతలి నుంచి రత్నాలు కూడా వెతికింది. సూదులు తప్ప ఏమీ లేవు. లోపలి తలుపు గడియ తీసిన చప్పుడైంది.

ఆమె గాజు గోడను చుట్టి వెళ్లి అతని కుర్చీ ముందు నేలమీద కూర్చుంది. అతని కుడిచేతిని రెండు చేతుల మధ్యకు తీసుకుంది. వేళ్లు నొక్కింది. అరచెయ్యి నొక్కింది. అతను తన చెయ్యిని కాక ఆమె ముఖాన్ని చూస్తున్నాడు.

“పట్టుకున్నావా?” అని అడిగాడు.

“పట్టుకున్నాను.”

“గట్టిగానా?”

“గట్టిగానే.”

“కనిపిస్తోంది,” అన్నాడతను. “బాగుంది చూడటానికి.”

అరచెయ్యి పోయింది. మణికట్టు పోయింది. వకుళ ఆ చేతిని తన చెంపకు ఆనించుకుంది, దించింది. అతని మోకాలిమీద తల పెట్టబోయి, మోకాలికీ తెలియదని గుర్తొచ్చి ఆగిపోయింది.

“ఇలా రా,” అన్నాడు మార్తాండం. “మొహం ఇంకా నాదే.”

ఆమె మోకాళ్లమీద లేచింది. అతను ముందుకు వంగి తన చెంపను ఆమె తలమీద ఆనించాడు. నిన్న గొరిగిన తల. రాత్రి గడిచి పగలు గడిచేసరికి కొత్త వెంట్రుకలు మొనలు చూపుతున్నాయి. అతను చెంపను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు నెమ్మదిగా, చదువుతున్నవాడిలా జరిపాడు. మళ్లీ వెనక్కి తెచ్చాడు. అతని ఊపిరి ఆమె నడినెత్తిన వెచ్చగా తగిలింది.

“గుచ్చుకుంటున్నాయి,” అన్నాడు. “వకుళా, సూదులే.”

ఆమె తల ఇంకాస్త దగ్గరకు జరిపింది.

“ఇంక రెండో గిన్నె అడక్కు,” అన్నాడు మార్తాండం.